మాట వినని గురువుకు శిక్ష: ఫాదర్ మెక్‌గ్లిన్ సంగతి

1800ల్లో అమెరికా క్యాథలిక్ పీఠాధిపతులు (బిషప్పులు) మాట వినని గురువులను, అంటే ఫాదర్లను, ఎలా దారికి తెచ్చేవారని ఒకరు అడిగారు. బదిలీ, సస్పెన్షన్, చివరికి వెలి. వీటన్నిటి వెనకా ఉత్తరాలు నడిచేవి. అసలు సంగతి అక్కడే తేలిపోయేది.

నా చిన్నప్పుడు ఒక ఆదివారం పూజ అయ్యాక మా ఉపదేశిగారు ప్రకటనలన్నీ చదివి, చివర్లో జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. మా ఫాదర్‌గారికి బదిలీ. రెండే వాక్యాలు, ఎందుకో అందులో లేదు. కూలి రేట్ల గొడవలో ఆయన కూలీల పక్కన నిలబడ్డారని మాత్రం ఊరందరికీ తెలుసు. మా అమ్మమ్మ ఆ రాత్రి గుడి మెట్ల మీదే కూర్చుంది, అన్నానికి రాలేదు. పెద్దలు ట్రాక్టరు మీద వెళ్ళి అడిగితే 'పై నుంచి నిర్ణయం' అన్నారట. కారణం చెప్పకుండా పంపెయ్యడం నాకు అప్పుడూ ఇప్పుడూ మింగుడుపడలేదు.

అందుకే న్యూయార్క్ ఫాదర్ ఎడ్వర్డ్ మెక్‌గ్లిన్ గురించి చదువుతుంటే మా ఊరే కళ్ళ ముందు మెదిలింది. సెయింట్ స్టీఫెన్స్ చర్చిలో 20 ఏళ్ళు విచారణ గురువు (విచారణ అంటే ఒక ఫాదర్ చూసుకునే పారిష్). తన తలుపు తట్టే పేదలు దానం కన్నా పని అడుగుతున్నారని ఆయన బాధ. 1886 మేయర్ ఎన్నికల్లో, భూమి విలువ మీదే పన్ను వెయ్యాలన్న హెన్రీ జార్జ్ తరఫున వేదికెక్కారు. వద్దని అగ్రపీఠాధిపతి కొరిగన్ ముందే చెప్పారు. సస్పెండ్ చేశారు, విచారణ తీసేసుకున్నారు. రోముకు రమ్మంటే ఆయన వెళ్ళలేదు. 1887 జూలైలో వెలివేశారు.

కొరిగన్‌కు రోచెస్టర్ పీఠాధిపతి మెక్‌క్వైడ్ ఆప్తుడు, ఇద్దరికీ ఉత్తరాలు నడుస్తూనే ఉండేవి. బాల్టిమోర్ కార్డినల్ గిబ్బన్స్ మాత్రం జార్జ్ పుస్తకాలను నిషేధించొద్దని రోముకు రాశారు. అమెరికా అప్పటికింకా మిషన్ దేశమే, రోములో మిషన్ దేశాలను చూసే ప్రొపగాండా అనే కార్యాలయం కింద ఉండేది, గొడవలన్నీ అక్కడికే చేరేవి. అమెరికా పీఠాధిపతుల 1884 బాల్టిమోర్ మహాసభ పది విచారణల్లో ఒకదాని గురువును సరైన కారణం లేకుండా తీసెయ్యకూడదని పెట్టింది. మిగతా తొమ్మిది మంది ఏం పాపం చేశారు?

1892లో పోపుగారి ప్రతినిధి సతోల్లి వచ్చాక మెక్‌గ్లిన్ తన అభిప్రాయాలు రాసిచ్చారు. వాషింగ్టన్ క్యాథలిక్ విశ్వవిద్యాలయం ఆచార్యులు నలుగురు అది చదివి, శ్రీసభ (క్యాథలిక్ చర్చి) బోధకు విరుద్ధంగా ఏమీ లేదన్నారు. డిసెంబరులో వెలి ఎత్తేశారు, క్రిస్మస్‌కు ఆయన మళ్ళీ పూజ చేశారు. ఆ ఒక్క కాగితం చదవడానికి ఐదేళ్ళు పట్టింది!

సెయింట్ స్టీఫెన్స్ మాత్రం తిరిగి ఇవ్వలేదు. తర్వాత న్యూబర్గ్‌లో విచారణ ఇచ్చారు, 1900లో పోయేదాకా అక్కడే. మా ఫాదర్‌గారిని కూడా మా విచారణకు మళ్ళీ పంపలేదు. మా అమ్మమ్మ పోయినప్పుడు ఆయనే మూడు బస్సులు మారి వచ్చి, సమాధి దగ్గర ప్రార్థన చేసి వెళ్ళారు.