కిడ్నీ బయాప్సీలో తేడా లేదన్నారు.. మరి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి జ్వరమో జలుబో వచ్చినప్పుడల్లా మూత్రం కోలా రంగులో వచ్చేది. వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు, సబ్జా నీళ్లు పట్టేవాళ్లం. ఈ మధ్య కాలేజీలో హెల్త్ క్యాంపు పెడితే మూత్రంలో రక్తకణాలు, ప్రొటీన్ పోతున్నాయని తేలింది. క్రియాటినిన్ 0.9 ఉంది. 24 గంటల మూత్రంలో ప్రొటీన్ 800 మిల్లీగ్రాములు. కిడ్నీ డాక్టర్ బయాప్సీ చేశారు. మామూలు మైక్రోస్కోప్‌లో పెద్దగా తేడా లేదని, ఇమ్యునోఫ్లోరోసెన్స్ కూడా నెగటివ్ అని రిపోర్టు వచ్చింది. అయినా ఒక ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం వేరే ఊరికి పంపామని, మూడు వారాలు పడుతుందని అంటున్నారు. అంతా బాగుంటే మళ్లీ పరీక్ష ఎందుకు? క్యాన్సర్ అనుమానమా? మాది మేనరికం కాదు, మా అత్తగారి వైపు ఎవరికీ కిడ్నీ జబ్బుల్లేవు. మా తమ్ముడికి మాత్రం 27 ఏళ్లకే డయాలసిస్ మొదలైంది, బీపీ వల్ల అన్నారు. వాడికి చెవులు కూడా సరిగా వినపడవు. బంధువులొకరు కిడ్నీలకు మంచిదని ‘నానో స్వర్ణ భస్మం’ పంపారు, వాడొచ్చా? మాకు 12 ఏళ్ల పాప కూడా ఉంది. ఆ పిల్లకూ పరీక్షలు చేయించాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి. ఇది క్యాన్సర్ కోసం పంపిన పరీక్ష కాదు. కిడ్నీలో గడ్డ ఉంటే స్కానింగ్‌లో కనిపిస్తుంది. అది ఏ రకం గడ్డో మామూలు మైక్రోస్కోప్‌తోనే తేలుస్తారు. మీవాడి ముక్క వేరే ఊరికి వెళ్లడానికి కారణం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లు చాలా తక్కువ చోట్ల ఉండటమే. మొదటి రిపోర్టు చూసి ‘ఏమీ లేదు’ అని పంపించెయ్యకుండా మీ డాక్టర్ ఇంకా వెతుకుతున్నారంటే, పిల్లవాణ్ని మంచి చేతుల్లోనే పెట్టారు.

మీ తమ్ముడి విషయం మీరు మధ్యలో రెండు ముక్కల్లో రాసేశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి అదే అనిపించింది. చిన్న వయసులో కిడ్నీలు పాడవడం, చెవులు వినపడకపోవడం, అదీ పిల్లవాడి మేనమామకు. ఈ సంగతి మీ కిడ్నీ డాక్టర్‌కు చెప్పారా? చెప్పకపోతే రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు, రేపే ఫోన్ చేసి చెప్పండి. ఎందుకో చెబుతాను.

ఒక్కో కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నటి రక్తనాళాల ఉండలు సుమారు 10 లక్షలు ఉంటాయి. వీటిని గ్లోమెరులై అంటాం. ఆ రక్తనాళాల గోడలో బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పొర ఒకటి ఉంటుంది. రక్తకణాల్ని, ప్రొటీన్‌ను మూత్రంలోకి పోకుండా ఆపడంలో దాని పాత్ర చాలా పెద్దది. పెద్దవాళ్లలో దాని మందం సుమారు 300 నుంచి 400 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షో వంతు ఒక నానోమీటరు). మామూలు మైక్రోస్కోప్ వెలుతురుతో పని చేస్తుంది కాబట్టి దానికి ఒక హద్దు ఉంది. సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు వస్తువుల్ని అది విడదీసి చూపలేదు. అంటే ఆ పొర దానికి ఒక గీతగా కనిపిస్తుంది, అంతే. గీత లోపల ఏం జరుగుతోందో తెలియదు. పాత పంచె దండెం మీద దూరం నుంచి బాగానే కనిపిస్తుంది, దగ్గరికి తీసుకుని వెలుతురుకు పట్టి చూస్తేనే పోగులు విడిపోయిన చోటు తెలుస్తుంది. మీవాడి రిపోర్టులో ‘పెద్దగా తేడా లేదు’ అన్న మాటను ఈ హద్దుతో కలిపి అర్థం చేసుకోవాలి.

ఆ హద్దు దాటడానికే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పుట్టింది. 1931లో బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ మొదటిది తయారు చేశారు. వెలుతురు బదులు ఎలక్ట్రాన్లను, గాజు కటకాల బదులు అయస్కాంతాలను వాడారు. వెలుతురు తరంగం పొడవు వందల నానోమీటర్లలో ఉంటే, లక్ష వోల్టుల దగ్గర ఎలక్ట్రాన్ తరంగం పొడవు 0.004 నానోమీటర్ కన్నా తక్కువ. అందుకే అంత సూక్ష్మంగా చూడగలుగుతుంది. రుస్కా తమ్ముడు హెల్ముట్ డాక్టర్. ఈ యంత్రం వైద్యానికి పనికొస్తుందని పట్టుబట్టి, దానితో వైరస్‌లను చూసిన తొలితరం వాళ్లలో ఆయన ఒకరు. ఎర్నెస్ట్ రుస్కాకు నోబెల్ బహుమతి రావడానికి మాత్రం 1986 దాకా పట్టింది.

కిడ్నీ వైద్యానికి ఈ యంత్రం చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఒళ్లంతా వాచిపోయి మూత్రంలో ప్రొటీన్ కారిపోయే పిల్లల కిడ్నీ ముక్కలు మామూలు మైక్రోస్కోప్‌లో దాదాపు నార్మల్‌గా కనిపించేవి. జబ్బు ఎక్కడుందో డాక్టర్లకు అంతుబట్టేది కాదు. 1957లో మార్లిన్ ఫార్క్‌హర్, రాబర్ట్ వెర్నియర్, రాబర్ట్ గుడ్ అలాంటి ముక్కల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశారు. ఆ పొరకు బయటి వైపు అతుక్కుని ఉండే పోడోసైట్ కణాల పాదాలు విడివిడిగా ఉండాల్సింది చదునుగా కలిసిపోయి కనిపించాయి. మన దగ్గర పిల్లల డాక్టర్లు ఈ రోజుకీ తరచూ చూసే ‘మినిమల్ చేంజ్ డిసీజ్’లో కనిపించే మార్పు ఇదే.

ఇక మీవాడి విషయం. జ్వరంతో పాటు మూత్రం రంగు మారే కుర్రవాళ్లలో మేము మొదట అనుమానించేది ఐజీఏ నెఫ్రోపతీని, అంటే ఐజీఏ అనే యాంటీబాడీ గ్లోమెరులైలో పేరుకునే జబ్బుని. అదైతే, పేరుకున్న యాంటీబాడీలను మెరిసే రంగుతో పట్టి చూపే ఇమ్యునోఫ్లోరోసెన్స్ పరీక్షలో మెరుస్తూ కనిపించాలి. అది నెగటివ్ వచ్చింది. కాబట్టి లోపం ఆ పొరలోనే ఉందా అన్న అనుమానం బలపడుతుంది. ఇక్కడ ప్రధానంగా రెండు అవకాశాలున్నాయి. ఒకటి, పొర అంతటా పల్చగా ఉండటం. పెద్దవాళ్లలో సాధారణంగా 250 నానోమీటర్ల కన్నా తక్కువుంటే పల్చన అంటారు. ఇందులో చాలామందికి కిడ్నీలు జీవితాంతం బాగానే పనిచేస్తాయి. రెండోది ఆల్పోర్ట్ సిండ్రోమ్. 1927లో సెసిల్ ఆల్పోర్ట్ అనే డాక్టర్ ఒక కుటుంబంలో కిడ్నీ జబ్బు, చెవుడు కలిసి తరతరాలుగా వస్తున్నాయని గుర్తించి రాశారు. ఆయన పేరే దానికి స్థిరపడింది. ఆ పొరను తయారు చేసే నాలుగో రకం కొల్లాజెన్‌లో జన్యులోపం ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పొర ఒకచోట పల్చగా, ఇంకోచోట దళసరిగా, లోపల పలు పొరలుగా చీలి కనిపిస్తుంది. అదే కొల్లాజెన్ లోపలి చెవిలోనూ, కంటిలోనూ ఉంటుంది. అందుకే మీ తమ్ముడి చెవుల గురించి చదవగానే నేను ఆగిపోయాను.

మీ తమ్ముడికి బీపీ వల్ల కిడ్నీలు పోయాయన్నారు. 27 ఏళ్ల వయసులో చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు. కిడ్నీ జబ్బు ముందు, దానివల్ల బీపీ తర్వాత. ఆయన్ను చూడకుండా ఆల్పోర్ట్ అని నేను తేల్చి చెప్పలేను. కానీ అడగాల్సిన ప్రశ్న అదే.

‘మాది మేనరికం కాదు కదా’ అన్నారు. ఆల్పోర్ట్‌లో ఎక్కువగా కనిపించే రకం ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది, దానికి మేనరికంతో పని లేదు. తల్లిలో ఆ జన్యువు ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఆడవాళ్లకు ఎక్స్ క్రోమోజోములు రెండు ఉంటాయి కాబట్టి చాలామందిలో జబ్బు నెమ్మదిగా ఉంటుంది. మగపిల్లలకు ఉన్నది ఒక్కటే, అందుకే తీవ్రంగా వస్తుంది. ఇది వినగానే ‘నా వల్లేనా’ అని మీరు కుమిలిపోవద్దు. ఏ జన్యువు బిడ్డకు వెళ్లాలో ఏ తల్లి చేతిలోనూ ఉండదు.

మూడు వారాలు ఎందుకంటే, ఆ ముక్కను సిద్ధం చేయడమే పెద్ద పని. బయాప్సీ రోజునే ముక్కల్ని మూడు పరీక్షలకు విడదీస్తారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు వెళ్లేదాన్ని గ్లూటరాల్డిహైడ్‌లో వేస్తారు. ల్యాబ్‌లో దాన్ని ఆస్మియం టెట్రాక్సైడ్‌తో గట్టిపరచి, ఆల్కహాల్‌తో నీరంతా తీసి, రెసిన్‌లో పెట్టి ఓవెన్‌లో బిగిస్తారు. తర్వాత వజ్రపు కత్తితో 60 నుంచి 90 నానోమీటర్ల మందంలో కోస్తారు. అంటే వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. ఆ కోతను 3 మిల్లీమీటర్ల రాగి జల్లెడ మీదకు ఎత్తి, యురేనియం, సీసం లవణాలతో రంగు పట్టించి, గాలి లేని గొట్టంలోకి పంపుతారు. పాథాలజిస్ట్ కూర్చుని పొర మందాన్ని చాలా చోట్ల కొలుస్తారు. ఎలక్ట్రాన్లు తగిలేది ఆ ముక్కకే కాబట్టి మీవాడికి రేడియేషన్ భయం లేదు. సాధారణంగా మళ్లీ బయాప్సీ చేయాల్సిన పని కూడా ఉండదు. ఆ ముక్కలో గ్లోమెరులస్ లేకపోతే మాత్రం చిక్కే. మామూలు మైక్రోస్కోప్ పరీక్ష కోసం మైనం దిమ్మెలో పెట్టగా మిగిలిన ముక్కను వాడొచ్చు గానీ, అందులో పొర ఉన్నదానికన్నా పల్చగా కనిపిస్తుంది, కొలతలు నమ్మలేం.

ఇంకో చిక్కు ఉంది. ఆల్పోర్ట్ ఉన్న చిన్న వయసు వాళ్లలో పొర ఇంకా చీలకుండా, కేవలం పల్చగానే కనిపించవచ్చు. అందుకని రిపోర్టులో ‘పల్చటి పొర’ అని వస్తే ఊపిరి పీల్చుకుని ఇంటికి వచ్చేయకండి. మీ తమ్ముడి చరిత్ర ఉంది కాబట్టి రక్తంతో చేసే జన్యు పరీక్ష గురించి తప్పకుండా అడగండి. కాల్4ఏ3, కాల్4ఏ4, కాల్4ఏ5 అనే మూడు జన్యువుల్ని చూస్తారు. అబ్బాయికి చెవుల పరీక్ష, అంటే ఆడియోగ్రామ్, కంటి పరీక్ష ఈ వారమే చేయించవచ్చు. వీటికి బయాప్సీ రిపోర్టుతో పని లేదు.

ఆల్పోర్టే అని తేలితే? జన్యువును మార్చే మందు ఈ రోజు లేదు. కానీ రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు ప్రొటీన్ పోవడాన్ని తగ్గించి, డయాలసిస్ అవసరాన్ని ఏళ్ల తరబడి వెనక్కి నెడతాయి. క్రియాటినిన్ పెరగక ముందే మొదలుపెడితే ఫలితం ఎక్కువ. మీవాడి క్రియాటినిన్ ఇంకా 0.9. ఆ రకంగా చూస్తే మీరు సమయానికే వచ్చారు. మాత్ర మొదలుపెట్టాక ఒకటి రెండు వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ చూపించాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్ర ఆపాలా అని డాక్టర్‌కు ఫోన్ చేసి అడగాలి. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొని వేయకండి. ఏ జ్వరానికైనా ఇంజెక్షన్ రాస్తుంటే కిడ్నీ సంగతి ముందే చెప్పండి. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కిడ్నీకీ చెవికీ రెండిటికీ దెబ్బ. ఇయర్‌ఫోన్లలో పెద్ద సౌండ్ పెట్టే అలవాటుంటే మాన్పించండి.

నానో భస్మం వాడొద్దు. ‘నానో’ అంటే కణం పరిమాణం మాత్రమే, మందు గుణం కాదు. నిజమైన నానో మందులు మనకు ఉన్నాయి. 2021లో బ్లాక్ ఫంగస్‌కు వాడిన లైపోజోమల్ యాంఫోటెరిసిన్ అలాంటిదే. ఇలాంటి మందుల్లో కణాల సైజు, ఆకారాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తోనూ చూస్తారు. ఆ తర్వాత జంతువుల్లో, మనుషుల్లో పరీక్షలు గట్టెక్కాలి. విచిత్రం ఏమిటంటే, మీవాడి జబ్బు ఏ పొరలో ఉందని అనుకుంటున్నామో, అది ముఖ్యమైన వడపోత అని చూపించింది కూడా నానో కణాలే. 1961లో ఫార్క్‌హర్, విస్సిగ్, పలాడే ఇనుము నిండిన ఫెరిటిన్ కణాల్ని ఎలుకల రక్తంలోకి ఎక్కించి చూస్తే, అవి ఆ పొర దగ్గరే నిలిచిపోయి కనిపించాయి. కణం ఎక్కడ ఆగిందో, ఏ కణజాలంలో పేరుకుందో ఇలా చూపించాకే ఎవరైనా మందు గురించి మాట్లాడాలి. మీకు పంపిన పొట్లానికి అలాంటి ఆధారం లేదు. పైగా భస్మాల పేరుతో వచ్చే కొన్ని పొడుల్లో పాదరసం, సీసం ఉంటాయి. పాదరసం ఉన్న నాటు మందులు, ఫెయిర్‌నెస్ క్రీములు వాడాక మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బు వచ్చిన రోగుల్ని దక్షిణాదిలో డాక్టర్లు గుర్తించారు. ప్రొటీన్ ఇప్పటికే పోతున్న కిడ్నీ మీద ఆ ప్రయోగం చేయొద్దు. మీ బంధువు ప్రేమతోనే పంపి ఉంటారు, ఆయన్ను నొప్పించకుండా పక్కన పెట్టేయండి.

పాప సంగతి. ఆమెకు, మీకు, ఇద్దరికీ మూత్ర పరీక్ష, బీపీ చూపించుకోండి. మూత్రంలో రక్తకణాలు కనిపిస్తే ఏటా ఒకసారి ప్రొటీన్, క్రియాటినిన్ చూడాలి. ఆడవాళ్లలోనూ కొందరికి నడివయసు దాటాక కిడ్నీలు దెబ్బతింటాయి కాబట్టి ‘ఆడపిల్లకు రాదులే’ అనుకోవద్దు. అబ్బాయికి ఆల్పోర్ట్ అని తేలితే, జన్యు పరీక్షలో దొరికిన లోపాన్నే పాపలోనూ చూడొచ్చు. పెద్దయ్యాక పిల్లల్ని కనాలనుకున్నప్పుడు అది ఉపయోగపడుతుంది, ఎందుకంటే గర్భిణులకు రామిప్రిల్ లాంటి మాత్రలు వాడకూడదు.

మీ తమ్ముడికి ఆడపిల్లలుంటే వాళ్లకూ ఈ మాట చెప్పాలి. ఎక్స్ రకం అయితే తండ్రి నుంచి ఆ జన్యువు ప్రతి కూతురికీ వస్తుంది, కొడుకులకు రాదు. మన ఇళ్లలో మేనమామ కూతుర్ని చేసుకోవడం మామూలే కాబట్టి ముందే చెబుతున్నాను. మీ అబ్బాయికి ఈ జన్యువు ఉందని తేలితే, మీ తమ్ముడి కూతురితో సంబంధం అనుకోకండి. వాళ్లకు పుట్టే ఆడపిల్లల్లో సగం మందికి రెండు వైపుల నుంచీ లోపం వచ్చే ప్రమాదం ఉంది, మగపిల్లలకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. ఆయన పాత డయాలసిస్ ఫైలు, చెవుల పరీక్ష కాగితాలు తెప్పించుకుని, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ రిపోర్టుతో కలిపి మీ డాక్టర్ ముందు పెట్టండి. మీ తమ్ముడికి కిడ్నీ మార్పిడి ఆలోచన ఉండి మీరు ఇద్దామనుకుంటుంటే మాత్రం, మీ మూత్ర పరీక్ష, జన్యు పరీక్ష అయ్యేదాకా ఆ మాట ఇవ్వకండి.