అటక మీది స్పెక్ట్రమ్‌కు కరెంటు ఇచ్చే ముందు

బైరాగిపట్టెడ,
తిరుపతి.

చిట్టితల్లికి,

పెదనాయన ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. చిత్తూరు ఇంట్లో అటక సర్దుతా ఉంటే మీ నాన్న పాత కంప్యూటరు డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ బయటపడిందని, దాన్ని బాగుచేసి సంక్రాంతికి మీ నాన్న ముందర పెట్టాలని నువ్వు పట్టుబట్టినావని చెప్పింది. వినంగానే ఒళ్లు పొంగింది. ఇంజినీరింగు చదివిన పిల్లలు కొత్తవాటి వెనకే పరిగెత్తే రోజుల్లో నువ్వు దాని దుమ్ము తుడిచినావు, అది చాలు నాకు. అయితే ఫోను పెట్టేస్తా మీ అమ్మ ఇంకో మాట అనింది: "రేపు టీవీకి తగిలించి చూస్తాదంట." అప్పుడు గుండె గుభేలుమంది. ఈ ఉత్తరం కడదాకా చదివిందాకా దాన్ని ప్లగ్గులో పెట్టబాకు.

అదేం యంత్రమో ముందు తెలుసుకో. ఇంగ్లండులో సింక్లెయిర్ కంపెనీ 1982 ఏప్రిల్లో స్పెక్ట్రమ్‌ను తెచ్చింది. రబ్బరు మీటల పెట్టె తీసేసి గట్టి మీటలతో ప్లస్ మోడల్‌ను 1984లో తెచ్చింది. దాన్నే లైసెన్సు తీసుకుని మన దేశంలో డెసిబెల్స్ కంపెనీ వాళ్లు 1986లో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అని అమ్మినారు. లోపల జెడ్80ఏ ప్రాసెసరు, వేగం 3.5 మెగాహెర్ట్జ్, జ్ఞాపకం 48 కిలోబైట్లు. నీ ఫోనుతో తీసే ఒక్క ఫోటో దాంట్లో పట్టదు. బళ్లకు ప్రభుత్వం పంపిన బీబీసీ మైక్రో కంప్యూటరు అయితే గదికి తాళం, వారానికి ఒక పీరియడు, మీట ఒకటైతే చేతులు నాలుగు. ఇది ఇంటి టీవీకి తగిలేది, రాత్రి పదైనా ఎవరూ లేవమనరు. అందుకే ఆ కాలం పిల్లల చేతికి బేసిక్ అనే ప్రోగ్రాము భాష అట్లా ఒంటబట్టింది.

సరే, పనిలోకి రా.

పెట్టె తిరగేసి కింది స్క్రూలు విప్పు. పొడుగువి యాడివో పొట్టివి యాడివో కాగితం మీద గుర్తు పెట్టుకో. పైమూత ఒక్కసారిగా ఎత్తబాకు. కీబోర్డు పొరనుంచి రెండు పల్చటి పట్టీలు బోర్డులోకి పోతాయి, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. ఇన్నేళ్లకు అవి ఎండిన అప్పడమే. కొసను పట్టుకుని నిటారుగా పైకి లాగు, వంచబాకు. విరిగితే పుత్తూరు కట్టు కట్టినా అతకదు. కొస మాత్రమే చీలి ఉంటే రెండు మూడు మిల్లీమీటర్లు కత్తిరించి మళ్లీ దూర్చొచ్చు, పొడవు మిగిలి ఉంటేనే. లేదంటే కొత్త పొర తెప్పించుకోవాల్సిందే, ఇప్పటికీ చేసేవాళ్లు ఉన్నారు.

బోర్డు మీది దుమ్ము మెత్తటి బ్రష్షుతో తుడువు. ఈ నెల వానలకు అటక మీద చెమ్మ పట్టి ఉంటుంది, రెండు రోజులు గాలి ఆడే చోట పెట్టు. ఎండలో పెట్టబాకు.

అడాప్టరు సంగతి జాగ్రత్తగా విను. దీనికి 9 వోల్టుల డీసీ కావాల. ఇప్పటి అడాప్టర్లలో చాలావాటికి ప్లగ్గు నడిమి రంధ్రం ప్లస్, స్పెక్ట్రమ్‌కు నడిమిది మైనస్, బయటి గొట్టం ప్లస్. తిలక్ రోడ్డులో "9 వోల్టులది ఇవ్వన్నా" అని కొనుక్కొచ్చి గుచ్చితే తిరగబడిన కరెంటు బోర్డులోకి పోతాది. పాత అడాప్టరుతో ఉన్న చిక్కు వేరు. అది రెగ్యులేటెడ్ కాదు, అంటే వోల్టేజిని ఒకే చోట నిలబెట్టదు, దేనికీ తగిలించకుండా మల్టీమీటరుతో కొలిస్తే 12, 13 చూపిస్తాది. అది దాని గుణమే, బరువు పడితే కిందికి దిగుతుంది. కాకుంటే దాని లోపలి కెపాసిటరు ముసలిది. నా మాట విని 9 వోల్టులు, 2 ఆంపియర్ల రెగ్యులేటెడ్ అడాప్టరు కొని, ప్లగ్గు తీగలు తిప్పి సోల్డరు చేసి, మూడుసార్లు కొలిచి, "నడుమ మైనస్" అని చీటీ అంటించు. తిరుపతినుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై పోయే పని పడితే రిచీ స్ట్రీట్‌లో ఒక పూట తిరుగు, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లూ, చిప్పులు దూర్చే ఐసీ సాకెట్లూ అన్నీ ఆడే దొరుకుతాయి. కెపాసిటర్లు మార్చేటప్పుడు ఒక్కొక్కటే విప్పి, పాతది యాపక్క ఉన్నిందో అట్లే కొత్తది పెట్టు. అన్నీ ఒకేసారి పీకి కుప్ప పొయ్యబాకు.

ఇంక అసలు మాట. మా తరం మొత్తం చేసిన తప్పు ఒకటి ఉంది, దానికే ఈ ఉత్తరం.

స్పెక్ట్రమ్‌కు ఆన్-ఆఫ్ స్విచ్చి లేదు. ప్లస్ మోడల్‌కు ఎడమ పక్కన రీసెట్ బటన్ ఉంటుంది, అంతే. అది నొక్కితే తెర తెల్లబడుతుంది, ఆట పోతుంది, చూసేవాళ్లకు ఆపేసినట్టే ఉంటుంది. కరెంటు మాత్రం లోపల పారుతూనే ఉంటుంది. పిల్లోడు రీసెట్ నొక్కుతాడు, వెనక ఉన్న జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేసు, అంటే ఆటల కర్రను తగిలించే డబ్బా, లాగుతాడు. అంతే, ఆ క్షణంలో యంత్రం చచ్చిపోతుంది. పొగ రాదు, శబ్దం రాదు. మళ్లీ గుచ్చితే తెర మీద చారలు, లేదంటే చెత్త గళ్లు.

ఎందుకో చెప్తా. వెనక బయటికి తొంగి చూస్తా ఉండే బోర్డు అంచు మీద కింద పైన కలిపి యాభైకి పైగా లోహపు రేకులు పక్కపక్కనే ఉంటాయి. ఇంటర్‌ఫేసును నిటారుగా లాగేవాడు లేడు, అందరం అటూ ఇటూ ఊపుతా లాగుతాం. ఊపినప్పుడు ఒక పిన్ను రెండు రేకులను ఒక్క రెప్పపాటు కలుపుతుంది. ఆ రేకుల్లో వోల్టేజి మోసేవి ఉన్నాయి. ఆ దెబ్బ నేరుగా పోయి టీఆర్4 అనే చిన్న ట్రాన్సిస్టరు మీద పడుతుంది. పేరు జెడ్‌టీఎక్స్650, కందిబద్దంత ఉంటుంది. దాని పక్కనే ఒక చిన్న తీగచుట్ట. ఈ ఇద్దరూ కలిసి 9 వోల్టులనుంచి 12 వోల్టులనూ మైనస్ 5 వోల్టులనూ తయారు చేస్తారు. కింది 16 కిలోబైట్ల మెమరీ 4116 చిప్పులు ఎనిమిది, వాటికి మూడు రకాల కరెంటు కావాల: ప్లస్ 5, ప్లస్ 12, మైనస్ 5. టీఆర్4 పోతే మైనస్ 5 ఆగిపోతుంది. మైనస్ 5 లేకుండా మిగతా వోల్టేజి తగిలితే ఆ చిప్పు లోపల కరెంటు కట్ట తెగినట్టు పారి, వేడెక్కి కాలుతుంది. ఒక్క ట్రాన్సిస్టరుతో పోవాల్సింది మెమరీ దాకా పాకుతుంది.

తప్పు అక్కడితో ఆగలేదు. టీఆర్4 పోయిందని కనిపెట్టి, కొత్తది వేసి, సంతోషంగా ప్లగ్గు గుచ్చితే కొత్తది కూడా పోయేది. ఎందుకంటే కాలిన 4116 ఒకటి 12 వోల్టుల తీగను నేలకు కట్టేసి ఉంటుంది. కొత్త ట్రాన్సిస్టరు పాపం ఆ బరువు మొయ్యలేదు. దాన్ని కూడా మార్చి, మళ్లీ కాల్చి, "ఈ డబ్బా పనికిరాదు" అని అటక మీద పడేసినవి ఎన్నో. మీ నాన్నది కూడా అట్లే పైకెక్కిందేమో. ఆ పెట్టె వెనక జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేసు ఇంకా తగిలించే ఉంటే ముట్టుకునే ముందు ప్లగ్గు గోడనుంచే తీసి ఉందా లేదా చూడు. తీసినాక నిటారుగా లాగు. ఇంటర్‌ఫేసు లోపల అయిదో స్థానంలో చిన్న అడ్డుబిళ్ల ఉండాల, బోర్డు అంచులోని గాటులో కూర్చోడానికి. అది ఊడిపోయి ఉంటే ఆ ఇంటర్‌ఫేసును మళ్లీ తగిలించబాకు, ఒక్క పిన్ను పక్కకు జరిగినా ఇదే గతి.

కాబట్టి కరెంటు ఇవ్వకముందే కొలువు. 4116 చిప్పుకు 16 కాళ్లు. ఒకటో కాలు మైనస్ 5, ఎనిమిదోది ప్లస్ 12, తొమ్మిదోది ప్లస్ 5, పదహారోది గ్రౌండు. మీటరును ఓమ్స్‌లో పెట్టి పదహారుకూ మిగతా మూడింటికీ మధ్య చూడు. ఎనిమిదికీ పదహారుకూ మధ్య రెండు మూడు ఓములే చూపిస్తే ఆ తీగ మీద ఎవరో చచ్చి ఉన్నారు, ముందు వాళ్లను కనిపెట్టాల.

అంతా సరిగా ఉంటే ప్లగ్గు పెట్టు, పది సెకన్లే. ముందు ఒకటో కాలు దగ్గర కొలువు. మైనస్ 5 లేకుంటే వేరేదేదీ చూడబాకు, ప్లగ్గు పీకు. ఉంటే ఎనిమిది, ఆ తర్వాత తొమ్మిది. మూడూ సరిపోతే ఒక నిమిషం ఉంచి చిప్పుల మీద వేలు పెట్టి చూడు. గోరువెచ్చన పరవాలేదు, ఒకటి మాత్రం చురుక్కుమంటే దోషి అదే. 7805 రెగ్యులేటరు రేకు మాత్రం ఎట్లాగూ కాల్తాది, దాన్ని చూసి బెదరబాకు. చిప్పు మార్చాల్సి వస్తే కాళ్లన్నీ ముందు కత్తిరించి, ఒక్కొక్క కాలే విడిగా తీసి, సాకెట్టు వెయ్యి. మొత్తం చిప్పును ఒకేసారి పెకలిస్తే బోర్డు మీది రాగి రేకు కూడా లేచొస్తాది. నీ చెయ్యి నెమ్మదైనదే, నాకు తెలుసు. రాత్రి పన్నెండుకు మాత్రం ఈ పని చెయ్యబాకు.

టీవీ సంగతి ఒక ముక్కలో అయిపోతుంది. బొమ్మను పాత టీవీ యాంటెనా సిగ్నలుగా మార్చే మాడ్యులేటరు రేకు డబ్బాలోకి రెండు తీగలు పోతాయి: ఒకటి 5 వోల్టులు, ఒకటి వీడియో. 5 వోల్టుల తీగ విప్పి దాని కొసకు టేపు చుట్టు. వీడియో తీగను బయటి సాకెట్టు నడిమి పిన్నుకు కలిపితే ఇప్పటి టీవీ ఏవీ సాకెట్టులో బొమ్మ వస్తుంది. తెర కాసేపు నల్లగా ఉండి, తెల్లబడి, కింద 1982 అని ఒక వరుస పడితే నువ్వు గెలిచినట్టే.

ఇప్పుడు ప్రోగ్రాములు దాచుకునే క్యాసెట్. పెట్టెకంటే నాకు దీని భయమే ఎక్కువ. చిప్పు పోతే ఇంకోటి దొరుకుతుంది. మీ నాన్న రాసిన ప్రోగ్రాము ఆ ఒక్క టేపు మీదే ఉంది.

చేతికి రాంగానే పైఅంచున ఉండే రెండు చిన్న బిళ్లలు విరిచెయ్యి, పొరపాటున రికార్డు నొక్కినా చెరగదు. కిటికీ వెలుతురులో టేపు అంచు చూడు. తెల్లటి బూజు చుక్కలుంటే ఆ క్యాసెట్‌ను ఏ ప్లేయరులోనూ పెట్టబాకు, నా దగ్గరికి తీసుకురా. టేపును వెనకనుంచి నొక్కిపట్టే చిన్న స్పాంజి ముక్క ఊడి ఉంటే, పాటల క్యాసెట్ ఒకటి తెచ్చి దాని డబ్బాలోకి ఈ టేపును మార్చాల. ప్లేయరు పాతదైతే దాని రబ్బరు బెల్టు కరిగి తారు లాగా అయ్యుంటుంది, ముందు పనికిరాని క్యాసెట్‌తో అరగంట నడిపించి చూడు. టేపును చదివే హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడువు.

మొదటిసారి తిప్పేది స్పెక్ట్రమ్ కోసం కాదు, కంప్యూటరులోకి రికార్డు చేసుకోడానికి. వేవ్ ఫైలు, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో. ఎంపీ3 వద్దు, చెవికి అక్కర్లేదని అది పారేసే ముక్కల్లో మీ నాన్న అంకెలు ఉంటాయి. స్టీరియో ప్లేయరైతే ఒక చానెలే తీసుకో. శబ్దం మొద్దుగా వినిపిస్తే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పు, కీచుదనం ఎక్కువైన చోట ఆపు. ప్లేయరు మార్చినప్పుడల్లా "టేప్ లోడింగ్ ఎర్రర్" అని వచ్చేది సగంసార్లు ఈ స్క్రూ వల్లనే. పిల్లలు మాత్రం క్యాసెట్ పాడయిందని ఏడ్చేవాళ్లు.

ఆ తర్వాత స్పెక్ట్రమ్‌కు వినిపించు. జె మీట నొక్కితే లోడ్ అనే మాట మొత్తం పడుతుంది, కోట్ మీట రెండుసార్లు, ఎంటర్. టేపు ప్లేయరు ఇయర్‌ఫోను తీగను ఇయర్ అని రాసిన చోట పెట్టు, వాల్యూము ముప్పాతిక. అంచుల్లో ఎరుపూ లేతనీలమూ వెడల్పు చారలు నిదానంగా పాకుతాయి, అయిదు సెకన్లు ఒకే కూత. ఒక్క తళుకు నీలం పసుపు, తెర మీద పేరు పడుతుంది. మళ్లీ రెండు సెకన్ల కూత, ఆ తర్వాత సన్నటి నీలం పసుపు చారలు, జొన్నలు చెరిగినట్టు శబ్దం. ఆ శబ్దం ఇంట్లో మోగుతుంటే ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు, మిక్సీ వెయ్యనిచ్చేవాళ్లు కాదు. పెద్ద ఆట ఎక్కడానికి అయిదు నిమిషాలు, కడా నిమిషంలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి. నువ్వు తిరిగి సేవ్ చేసేటప్పుడు మాత్రం ఇయర్ తీగ పీకెయ్యి, రెండూ ఉంటే శబ్దం తనలోకే తిరిగి పాడవుతుంది.

ప్రోగ్రాము ఎక్కినాక కె నొక్కి లిస్ట్ చూడు. డేటా వరుసల్లో 0 నుంచి 255 లోపు అంకెలు ఎనిమిదేసి కనిపిస్తాయి. అవి తెలుగు. ఆ యంత్రానికి మన అక్షరాలు రావు. మనం గీసుకునే గుర్తులకు ఏ నుంచి యు దాకా 21 గళ్లు మాత్రం ఇచ్చింది, గడికి ఎనిమిది చుక్కలు ఎత్తు, ఎనిమిది వెడల్పు. "శ్రీ" ఒక గడిలో ఇమడదు. మీ నాన్న లెక్కల నోటుబుక్కులో గళ్లు గీసి, నాలుగు గళ్లు కలిపి, 32 అంకెలుగా దాన్ని రాసుకున్నాడు. సుడి దగ్గర ఒక చుక్క ఎక్కువైందని మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ అంకెలు ముందు కాగితం మీద ఎక్కించుకో, తర్వాతే రన్ కొట్టు.

మీ నాన్నకు నేను చెప్పను. భోగి పొద్దున మొదటి బస్సుకు వస్తా, నా మీటరూ సోల్డరింగ్ ఐరనూ సంచిలో ఉంటాయి. అన్నీ కొలిచి ధైర్యం కుదిరితే నువ్వే చెయ్యి, నేను పక్కన కూర్చుంటా. ధైర్యం కుదరకపోతే ఆ పాత అడాప్టరును మీ అమ్మ బీరువాలో పెట్టి తాళం వేయించు, నేను వచ్చిందాకా.

మీ పెదనాయన