పాత రైలు స్లైడ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లవి. అన్నీ ఒకే విషయం చుట్టూ తిరిగాయి: 1960ల నుంచి 80ల దాకా అక్కడి డీజిల్ రైళ్లకు తీసిన స్లైడ్లు (ఫ్రేములో బిగించిన పారదర్శక ఫోటో ఫిల్మ్ ముక్కలు) చేతికొచ్చాయి, వాటిని నలుగురికీ చూపించాలంటే ఏం చేయాలి అని.

ప్రశ్న: పక్కింటి పెద్దాయన ఇల్లు మారుతూ దాదాపు 600 స్లైడ్లున్న డబ్బాలు నాకిచ్చేశారు. కొన్నిటి మీద ఊరి పేరు ఉంది, చాలావాటి మీద అదీ లేదు. అన్నీ డీజిల్ ఇంజన్లే. ఏ సంవత్సరంలో తీశారో ఎలా తేల్చాలి? (ఎస్.వి., లెస్టర్)

జవాబు: అన్నిటికంటే ముందు, డబ్బాలో ఉన్న వరుస చెదరగొట్టకండి. ల్యాబ్‌లో కడిగి అట్ట ఫ్రేముల్లో బిగించిన స్లైడ్ల మీద 1 నుంచి 36 దాకా ఫ్రేము నంబరు ఉంటుంది. కోడాక్రోమ్ (కోడాక్ కంపెనీ స్లైడ్ ఫిల్మ్) అయితే చాలావాటి మీద నెల, సంవత్సరం ముద్ర కూడా ఉంటుంది. అది ఫిల్మ్ కడిగిన తేదీ, ఫోటో తీసిన తేదీ కాదు. కెమెరాలో ఒకే రీలు ఆరు నెలలు ఉండిపోవడం ఆ రోజుల్లో మామూలే. అయినా ఒక రీలులో ఒక్క స్లైడ్ తేదీ తేలితే మిగతా 35 దాని చుట్టూ సర్దుకుంటాయి.

ఇక బొమ్మలోని ఆధారాలు. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. కొత్తగా వచ్చిన వస్తువు కనిపిస్తే ఆ ఫోటో అంతకుముందుది కాదని గట్టిగా చెప్పొచ్చు. పాతది ఇంకా కనిపిస్తే మాత్రం ఏమీ తేలదు, ఎందుకంటే ఇంజన్‌కి రంగు వేయడానికి వర్క్‌షాపుకి పోయే వంతు రావాలి, దానికి ఏళ్లు పట్టేది.

ఇంజన్ ముఖం చూడండి. తొలి డీజిళ్లు ఆకుపచ్చవి, ముందు భాగంలో పసుపు ఉండేది కాదు. 1962 ప్రాంతం నుంచి పట్టాల పక్కన పనిచేసేవాళ్లకు దూరం నుంచే కనబడాలని ముందు చిన్న పసుపు పలక వేయడం మొదలైంది. 1967 నుంచి ముఖమంతా పసుపు అయింది. నీలం రంగు, బ్రిటిష్ రైల్ వారి రెండు బాణాల గుర్తు 1965 నుంచి. కాబట్టి ఆకుపచ్చ ఒళ్లు, నిండు పసుపు ముఖం ఉన్న ఇంజన్ 60ల చివరిది గానీ 70లది గానీ అవుతుంది. పక్కన నిలువెత్తు బాణాల గుర్తు, పెద్ద అంకెలు ఉంటే 1978 తర్వాతది. లండన్ చుట్టుపక్కల రైళ్లు నడిపిన నెట్‌వర్క్ సౌత్ఈస్ట్ విభాగం ఎరుపు, తెలుపు, నీలం చారలు 1986 కంటే ముందు ఉండవు.

తర్వాత నంబరు. ఆవిరి ఇంజన్లు ఉన్నంత కాలం డీజిల్ నంబరు ముందు ‘డి’ అక్షరం ఉండేది, రెంటికీ తేడా తెలియడానికి. 1968 ఆగస్టులో ఆవిరి పోయాక ఆ అక్షరం తీసేయడం మొదలుపెట్టారు. డి లేకపోతే ఆ తర్వాతది. ఉంటే మాత్రం ఏమీ తేలదు, 70ల్లోకి కూడా చాలా ఇంజన్లు దాన్ని మోసుకొచ్చాయి. కంప్యూటర్ పద్ధతి ‘టాప్స్’ కోసం ఇచ్చిన 47 123 లాంటి ఐదంకెల నంబర్లు 1973 చివర నుంచి కనిపిస్తాయి, 1974 వేసవికల్లా దాదాపు అన్నిటికీ వచ్చేశాయి. పాత నంబరు నుంచి కొత్తది లెక్కగట్టి రాయబోతే పొరపాటు పడతారు. కొత్త పద్ధతిలో 000 లేదు. అందుకే డెల్టిక్ రకం ఇంజన్లలో మొదటిది డి9000 వెళ్లి 55 022 అయింది, డి9001 మాత్రం 55 001. డి200 ఏకంగా 40 122 అయింది. ఆ నంబరు ఎలా ఖాళీ అయిందంటే, అది దక్కాల్సిన డి322 ప్రమాదంలో దెబ్బతిని అప్పటికే తుక్కుకి పోయింది. క్లాస్ 47 రకం ఇంజన్ల సంగతి ఇంకా చిక్కు: పెట్టెలు వెచ్చబెట్టే ఏర్పాటు మారినప్పుడల్లా కొన్నిటికి మళ్లీ నంబరు మార్చారు. ఒకే ఇంజన్‌కి మూడు నంబర్లు కూడా ఉంటాయి.

ఇంజన్ దగ్గర తేలకపోతే ఫోటోలో దాని వెనక ఏముందో చూడండి. మా లెక్కలో అన్నిటికంటే నమ్మకమైనవి కరెంటు తీగలు, స్టేషన్ బయట ఆగిన కార్లు. యార్క్‌లో పట్టాల పైన తీగలుంటే అది 1980ల చివరిది లేదా ఆ తర్వాతది. కార్లైల్‌లో అయితే 1970ల తొలి సంవత్సరాల్లోనే స్తంభాలు లేచాయి, 1974 మేలో గ్లాస్గో దాకా కరెంటు రైళ్లు నడిచాయి. కారు నంబరు చివరి అక్షరం కె అయితే ఆ కారు 1971 ఆగస్టు, 1972 జులై మధ్య రిజిస్టరైంది. పి అయితే 1975–76, టి అయితే 1978–79. 1983 ఆగస్టు నుంచి ఆ అక్షరం నంబరు ముందుకు జరిగింది. వరుసగా ఆగిన పది కార్లలో అన్నిటికంటే కొత్తది ఏదో చూసుకుంటే చాలు.

అట్ట మీద ‘34జి’, ‘64బి’, ‘81ఎ’ లాంటి గీతలుంటే కొట్టేయకండి. అవి ఇంజన్లు ఉండే షెడ్ల కోడ్‌లు: వరసగా ఫిన్స్‌బరీ పార్క్, హేమార్కెట్, ఓల్డ్ ఓక్ కామన్. 1973 నుంచి వాటి స్థానంలో ఎఫ్‌పి, హెచ్‌ఏ, ఓసీ అని రెండక్షరాలు వచ్చాయి.

ఒక్క చోట ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. ఔత్సాహికులు కొని కాపాడిన ఇంజన్లకు మళ్లీ పాత రంగు, పాత నంబరు వేస్తారు. డి9000 ఆకుపచ్చ రంగుతోనే 1996లో తిరిగి మెయిన్ లైన్ ఎక్కింది. ముందు భాగంలో పెద్ద హెడ్‌లైటు ఉందా, ప్లాట్‌ఫారం మీద జనం ఏ బట్టల్లో ఉన్నారు అన్నది చూశాకే 1962 అని రాయండి.

ప్రశ్న: మెరూన్ లేదా నీలం రంగు ‘వెస్టర్న్’ రకం డీజిల్ ఇంజన్ ముఖం మీది నంబరు గడిలో 1023 అని ఉంది. అది ఏ రైలు? (ఆర్.కె., రీడింగ్)

జవాబు: రైలు కాదు, ఇంజనే. ఆ గడిలో మామూలుగా ఒక అంకె, ఒక అక్షరం, రెండంకెలు ఉండేవి. మొదటి అంకె బండి రకం చెబుతుంది: 1 అంటే ఎక్స్‌ప్రెస్, 2 అంటే అన్ని స్టేషన్లలో ఆగే ప్యాసింజర్, 0 అంటే పెట్టెలు లేకుండా ఒంటరిగా పోయే ఇంజన్. ఒక రీజియన్ (మన రైల్వే జోన్ లాంటిది) దాటి పోయే బండికి అక్షరం గమ్యం చెబుతుంది: ఎస్ స్కాట్లండ్, వి వెస్టర్న్, ఎం లండన్ మిడ్‌లాండ్, ఈ ఈస్టర్న్, ఓ సదరన్. 1976 జనవరి నుంచి ఈ కోడ్ చూపించడం మానేశారు. కొన్ని ఇంజన్లు 0000 పెట్టుకుని తిరిగాయి, తర్వాత నల్ల పలక మీద రెండు తెల్ల చుక్కలు వచ్చాయి. వెస్టర్న్‌లకు ఎన్నడూ టాప్స్ నంబరు రాలేదు, వాటి నంబరు పక్కన పోత పలక మీద ఉండేది. చివరి రోజుల్లో ఆ ఖాళీ గడిలో సొంత నంబరే తిప్పి పెట్టారు. మీది డి1023 ‘వెస్టర్న్ ఫ్యుజిలియర్’. ఆ తరగతి సేవ 1977 ఫిబ్రవరి 26న ముగిసింది, కాబట్టి మీ ఫోటో దాదాపు ఖాయంగా 1976 జనవరికీ ఆ తేదీకీ మధ్యది. రంగు కూడా అప్పటికి నీలమే. మెరూన్‌గా కనిపిస్తోందంటే ఫిల్మ్‌లోని సైయన్ (నీలి ఆకుపచ్చ) రంగు వెలిసి స్లైడ్ ఎర్రబారిందేమో చూసుకోండి.

ప్రశ్న: ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో కోడాక్రోమ్ స్లైడ్లు పెడితే సిగ్నల్ చేతులు, నంబరు అంకెలు అలికినట్టు వస్తున్నాయి. స్కానర్ పాడైందా? ఎంత డీపీఐ (అంగుళానికి చుక్కలు) పెట్టాలి? (జి.ఎన్., హైదరాబాద్)

జవాబు: స్కానర్ బాగానే ఉంది. దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం ఆన్‌లో ఉండి ఉంటుంది, దాన్ని ఆపండి. అది పనిచేసే తీరు ఇదీ: మామూలు రంగు ఫిల్మ్‌లోంచి ఇన్‌ఫ్రారెడ్ దూసుకుపోతుంది, దుమ్ము దగ్గర ఆగుతుంది, ఆగిన చోటల్లా సాఫ్ట్‌వేర్ పక్క రంగుతో పూడ్చేస్తుంది. కోడాక్రోమ్‌లోని సైయన్ రంగు కూడా ఇన్‌ఫ్రారెడ్‌ని కొంత ఆపుతుంది. దాంతో ముదురు చోట్ల బొమ్మనే దుమ్మనుకుంటుంది. నలుపు తెలుపు ఫిల్మ్‌లో వెండి ఉంటుంది కాబట్టి అక్కడ ఈ సదుపాయం అసలు పనికిరాదు.

35 ఎంఎం స్లైడ్‌కి నిజమైన 4000 డీపీఐ చాలు: దాదాపు 5,670 × 3,780 పిక్సెళ్లు, 21 మెగాపిక్సెళ్లు, 16 బిట్ టిఫ్ ఫైలైతే సుమారు 128 ఎంబీ. ‘నిజమైన’ అన్నది ఎందుకంటే, ఫ్లాట్‌బెడ్ డబ్బా మీద 6400 అని ఉన్నా అందేది అందులో సగం కూడా ఉండదు. చేతిలో 24 మెగాపిక్సెళ్ల కెమెరా, 1:1 మాక్రో లెన్సు ఉంటే మా ఓటు దానికే. సీఆర్ఐ (వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 95 దాటిన లైట్ ప్యాడ్ తీసుకోండి. స్లైడ్‌ని దానికి నాలుగైదు సెంటీమీటర్లు పైన నిలపండి, లేకపోతే ప్యాడ్ మీది దుమ్ము, చుక్కలు కూడా ఫోకస్‌లోకి వస్తాయి. చుట్టూ నల్ల అట్ట కప్పండి. ఎఫ్8, ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమర్, రా ఫైలు. కెమెరా సమాంతరంగా ఉందో లేదో చూడటానికి స్లైడ్ చోట చిన్న అద్దం ముక్క పెట్టి చూడండి: లెన్సు ప్రతిబింబం ఫ్రేము నడుమ కనిపించాలి. అట్ట ఫ్రేములోని ఫిల్మ్ వేడికి ఉబ్బి మధ్యలో మసకబారితే ఎఫ్11కి వెళ్లండి. బ్లోయర్‌తో దుమ్ము ఊదడం తప్ప ప్రతి స్లైడ్‌నీ తుడిచే పని పెట్టుకోవద్దు, గీతలు పడేది అక్కడే.

రంగు సరిచేసేటప్పుడు నీలంతో మొదలెడితే దారి తప్పుతారు. రైల్ బ్లూ (అప్పటి ఇంజన్ల నీలం) ఎండకి వెలిసి, మసి పట్టి ఒక్కో ఇంజన్ మీద ఒక్కోలా ఉండేది. ఇంజన్ ముఖం పసుపుని, మబ్బు పట్టిన ఆకాశాన్ని ఆధారం చేసుకోండి. ఆకాశం బూడిద రంగులో ఉందని దాన్ని నీలం చేసేవాళ్లున్నారు. అది ఇంగ్లండ్ అండీ, అక్కడి ఆకాశం అంతే!

ప్రశ్న: లండన్ నుంచి తెచ్చిన స్లైడ్ల మీద సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తున్నాయి. నీళ్లతో కడగొచ్చా? (టి.ఎల్., కాకినాడ)

జవాబు: వద్దు. అది బూజు. ఫిల్మ్ మీది జెలటిన్‌ని తింటుంది, తిన్న చోట జెలటిన్ నీళ్లకి కరుగుతుంది, తుడిచారంటే బొమ్మే లేచిపోతుంది. అట్ట నుంచి తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన నూగు రాలని గుడ్డతో మెరిసే వైపు ముందు, మెరవని వైపు తర్వాత, నొక్కకుండా ఒక్కసారి తుడవండి. విలువైన స్లైడ్‌ని స్కాన్ చేసుకున్నాకే ఈ పని. తర్వాత సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి. గాలిలో తేమ 60 శాతం దాటితే బూజు మళ్లీ వస్తుంది, కాకినాడ గాలి ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకు పైనే. పాత డబ్బా తెరవగానే వెనిగర్ వాసన కొడితే అది వేరే జబ్బు, ఎసిటేట్ ఫిల్మ్ కుళ్లడం. ఆ ఫిల్మ్‌ని మిగతావాటికి దూరంగా పెట్టి ముందు దాన్నే స్కాన్ చేయండి.

ప్రశ్న: స్లైడ్లు నా దగ్గరున్నాయి కదా, ఫేస్‌బుక్‌లో పెట్టుకోవచ్చా? (ఎస్.వి.)

జవాబు: స్లైడ్ మీదైనంత మాత్రాన కాపీరైట్ మీది కాదు. బ్రిటన్‌లో అది తీసినవారి జీవితకాలం, ఆపై 70 ఏళ్లు. మన దగ్గర 2012 సవరణ తర్వాత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు. ఇంకో మెలిక: 1957 జూన్ నుంచి 1989 జులై దాకా బ్రిటన్ చట్టంలో ఫోటో తీసే సమయానికి ఫిల్మ్ ఎవరిదైతే వారే కర్త. సొంత ఫిల్మ్ వాడిన ఔత్సాహికుడికి దీనివల్ల తేడా లేదు. ఉద్యోగంలో భాగంగా తీసినవైతే హక్కు యజమానిదే.

మీ పెద్దాయన ఉన్నారు కాబట్టి పని తేలిక. ఆ స్లైడ్లు ఆయనే తీశారా అని అడిగి, ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాయించుకుని సంతకం తీసుకోండి: ఏయే చోట చూపించొచ్చు, కింద ఎవరి పేరు వేయాలి. హక్కే పూర్తిగా మీకు ఇచ్చేస్తే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండి తీరాలి. నోటి మాట చెల్లదు. వేలంలో కొన్నవీ, ఎవరు తీశారో తెలియనివీ అయితే 2014 నుంచి బ్రిటన్ మేధోహక్కుల కార్యాలయం ఇచ్చే అనాథ రచనల లైసెన్సు ఒక దారి.

ప్రశ్న: పెట్టేటప్పుడు ఎంత సైజు, కింద ఏం రాయాలి? (పి.ఎం., డెర్బీ)

జవాబు: పొడవు వైపు 2,048 పిక్సెళ్లు, ఎస్‌ఆర్‌జీబీ రంగు పద్ధతి, జేపెగ్ నాణ్యత 85 దగ్గర. టిఫ్‌ని ముట్టుకోకుండా విడిగా, రెండు చోట్ల ఉంచండి. ఫైల్ పేరు సంవత్సరంతో మొదలవ్వాలి: ‘1979-81_యార్క్_55009’. వివరాలు ఫోటో లోపలి డేటాలో రాసినా సామాజిక మాధ్యమాలు చాలావరకు వాటిని చెరిపేస్తాయి, అందుకే కిందా రాయాలి. ఇంజన్ నడుమ అడ్డంగా పేరు ముద్ర వేయకండి, నంబరు చదవాలనుకునేవాడికి అది తిట్టినట్టే ఉంటుంది. మూలన చిన్నగా చాలు. అప్‌లోడ్ చేసే ముందు నంబరు పలక ఒకసారి చదవండి. స్లైడ్ తిరగేసి స్కాన్ చేస్తే అంకెలు అద్దంలోలా వస్తాయి. అంకెలు చిన్నవై కనిపించకపోతే రైళ్లు ఏ పట్టా మీద పోతున్నాయో చూడండి. జంట మార్గంలో అక్కడా మనలాగే ఎడమ వైపు నడుస్తాయి.

కింద రాసేదానిలో అట్ట మీద ఉన్నదీ, మీరు ఊహించిందీ కలపొద్దు. ఉదాహరణకి ఇలా: ‘55 009 అలిసిడాన్, యార్క్. అట్ట మీద ఊరి పేరు మాత్రమే ఉంది. క్యాబ్ కిటికీల చుట్టూ తెల్ల రంగు ఫిన్స్‌బరీ పార్క్ షెడ్ 1979లో మొదలుపెట్టింది, డెల్టిక్‌లు 1982 జనవరి 2న ఆగిపోయాయి. కాబట్టి 1979–81 అని అంచనా.’ కారణం కూడా రాశారు కాబట్టి, అది తప్పైతే ఎక్కడ తప్పో యార్క్‌లో ఉన్న ఎవరో ఒకరు ఆ సాయంత్రానికే చెబుతారు.