రేసుకు ట్యూబ్‌లెస్సా, ట్యూబులరా, మామూలు ట్యూబ్ టైరా?

మీరు అడిగింది ఇదీ: డిస్క్ బ్రేకుల రోడ్ బైక్, కంపెనీ వేసిచ్చిన 25 ఎంఎం వైర్ బీడ్ (అంచులో స్టీలు తీగ ఉండే) టైర్లు, మీ బరువు 68 కిలోలు, ప్రాక్టీసు హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) సర్వీస్ రోడ్ల మీద, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు. మొదటి రోడ్ రేసుకు పేరిచ్చారు. క్లబ్బులో ఒకరు ట్యూబ్‌లెస్ వేయమంటున్నారు, ఒక సీనియర్ ట్యూబులర్‌ను మించింది లేదంటున్నారు. ఏది కొనాలి?

మూడూ వాడినవాణ్ని కాబట్టి సూటిగా చెప్తాను. 28 ఎంఎం ఫోల్డింగ్ (అంచులో స్టీలు తీగ లేక మడత పడే) క్లించర్ కొనండి. అంటే లోపల విడిగా ట్యూబ్ ఉండే మామూలు రకమే, కాకపోతే మంచిది. అందులో టీపీయూ (పల్చటి ప్లాస్టిక్ రకం) ట్యూబులు వేయండి. డబ్బు మిగిలితే ప్రెజర్ గేజి ఉన్న ఫ్లోర్ పంపు తీసుకోండి.

ముందు సీనియర్ గారి సంగతి. ట్యూబులర్ అంటే ట్యూబును లోపల పెట్టి కుట్టేసిన టైరు. దానికి ప్రత్యేకమైన రిమ్ కావాలి, దాని మీద జిగురుతో అంటించాలి. ఆయన రేసులు తొక్కిన రోజుల్లో దానికి తిరుగు లేదు. రిమ్ తేలిక, రోడ్డు మీద మెత్తగా పోతుంది, గాలి దిగిపోయినా టైరు రిమ్‌కే అంటుకుని ఉంటుంది గనక కొంత దూరం మెల్లగా లాగించొచ్చు. యూరప్ ప్రొఫెషనల్స్ అన్నేళ్లు దాన్ని పట్టుకుని వేలాడటానికి ఇదొక పెద్ద కారణం. వాళ్ల వెనక టీమ్ కారు వస్తుంది, దిగి కొత్త చక్రం ఇస్తారు. మన వెనక వచ్చేది ఇసుక లారీ.

ఇక జిగురు పని. రిమ్‌కి పూత, ఆరాక మళ్లీ పూత, టైరుకి పూత, వంకర లేకుండా ఎక్కించి రాత్రంతా వదిలేయాలి. నేను ఆ పని పెట్టుకున్న రోజున మా ఇంట్లోవాళ్లు బాల్కనీ తలుపు లోపలి నుంచి గడియ పెట్టేసేవారు, ఆ వాసనకి. 2003 టూర్ ద ఫ్రాన్స్‌లో గ్యాప్ పట్టణం వైపు దిగుతున్నప్పుడు జోసెబా బెలోకి అనే స్పెయిన్ రైడర్ ఎండకి కరిగిన తారు మీద జారాడు, వెనక ట్యూబులర్ రిమ్ నుంచి ఊడొచ్చింది, తొడ ఎముక విరిగింది. వెనకే వస్తున్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పొలానికి అడ్డం పడి తప్పించుకున్నాడు. మే నెలలో మన రోడ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. వెలోడ్రోమ్‌లో ట్రాక్ రేసులు ఆడేవాళ్లకు ట్యూబులర్ ఇప్పటికీ పనికొస్తుంది. మీకు వద్దు.

అసలు పోటీ ట్యూబ్‌లెస్‌తోనే. అంటే లోపల ట్యూబే ఉండదు, టైరులో పోసిన సీలెంట్ అనే ద్రవం చిన్న చిల్లుల్ని తనే పూడుస్తుంది. నేను లాంగ్ రైడ్ల కోసం ఒక సెట్టు ట్యూబ్‌లెస్ చక్రాలు ఉంచుకున్నాను, కాబట్టి దానిమీద నాకు కోపమేమీ లేదు. పని చేసినప్పుడు నిజంగా ముచ్చటేస్తుంది. ఒకసారి చేవెళ్ల దాటాక వెనక చక్రం నుంచి సర్రుమని శబ్దం, సీటు కింది ఫ్రేము గొట్టం మీద తెల్లటి సీలెంట్ చుక్కలు. దిగి, చిల్లు నేల వైపు వచ్చేలా చక్రం తిప్పి పట్టుకున్నాను. సీలెంట్ అక్కడికి చేరి బుడగలు కట్టింది, శబ్దం సన్నబడింది, ఆగింది. చేత్తో నొక్కి చూస్తే యాభై పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా మిగిలినట్టుంది. మినీ పంపుతో కాస్త కొట్టి బయల్దేరాను. ట్యూబ్ టైరైతే అక్కడ పావుగంట కూర్చోవాల్సిందే.

కానీ దానికి సేవ చేయాలి. సీలెంట్ ద్రవంగా ఉన్నంతవరకే పని చేస్తుంది, మన ఎండలకి త్వరగా గడ్డకడుతుంది. రెండు నెలలకోసారి తెరిచి చూసి పోయకపోతే, అవసరమైన రోజున లోపల ఎండిన రబ్బరు పొరలు తప్ప ఏమీ ఉండవు. ప్రెజర్ ఎక్కువైతే చిల్లు పూడకముందే సీలెంటంతా బయటికి చిమ్మేస్తుంది, అందుకే సన్నటి 25 ఎంఎం టైరులో 90 పీఎస్ఐ పెట్టుకుని ట్యూబ్‌లెస్ తొక్కడంలో అర్థం లేదు. కొత్త టైరు ఎక్కించేటప్పుడు బీడ్ (టైరు అంచు) రిమ్‌కు పట్టాలంటే ఒక్కసారిగా గాలి తోయాలి, చాలాసార్లు మామూలు పంపుకి అది లొంగదు. వీధి చివరి పంక్చర్ షాపులో కంప్రెసర్ ఉంటుంది గానీ రోడ్ బైకులకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకి దాని నాజిల్ పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి బ్యాగులో పడేసుకోండి, ఏ టైరు వాడినా పనికొస్తుంది.

ఇంకో సంగతి ఎవరూ ముందు చెప్పరు. మన పల్లె రోడ్ల అంచుల్లో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. ట్యూబ్‌లెస్ వాటిని గుట్టుగా దిగమింగుతుంది, మీకు తెలియనే తెలియదు. ఒకరోజు గాజుపెంకు పెద్ద గాటు పెడుతుంది, సీలెంట్ చాలదు, స్పేర్ ట్యూబ్ వేస్తారు. అన్నాళ్లూ టైరులో ఇరుక్కున్న ముల్లు మొనలన్నీ ఆ కొత్త ట్యూబుని అక్కడికక్కడే పొడుస్తాయి. చేతులకు సీలెంట్ జిగట, కళ్లలోకి చెమట, లోపలి వైపు అంగుళం అంగుళం తడుముతూ ముళ్లు పీకాలి. రేసులో ఆ టెన్షన్ పడలేం.

వేగం సంగతి అడిగితే, అదే టైరు, అదే వెడల్పు అయితే ట్యూబ్‌లెస్‌కీ టీపీయూ ట్యూబుకీ తేడా చాలా తక్కువ, కాళ్లకు తెలిసేది కాదు. అసలు తేడా టైరుదే. మీ వైర్ బీడ్ టైర్లలో కేసింగ్ (రబ్బరు కింది బట్ట పొర) మందం, రబ్బరు గట్టిది. అది నలిగి మళ్లీ నిటారుగా అయ్యేటప్పుడు మీ శక్తి వేడిగా పోతుంది. కాంటినెంటల్ జీపీ5000, మిషెలిన్ పవర్ స్థాయి టైరు వేస్తే, రెండు చక్రాలకూ కలిపి పది వాట్లకు పైగానే మిగలొచ్చు. చక్రాల మీద వేలకు వేలు పోసినా అంత రావడం కష్టం. విట్టోరియా కోర్సా లాంటి కాటన్ కేసింగ్ రకాలు ఇంకా మెత్తగా పరిగెత్తుతాయి గానీ కంకర రోడ్డు మీద తొందరగా చీలుతాయి, వాటిని రేసు రోజుకే దాచండి. ప్రాక్టీసుకి మీ పాత టైర్లే అరిగేదాకా తొక్కండి.

ట్యూబుల్లో మామూలు బ్యూటైల్ రబ్బరుది వంద గ్రాముల అటూ ఇటూ ఉంటుంది, టీపీయూ అందులో మూడో వంతు. మడిస్తే జేబులో ఉన్నట్టే తెలియదు. బయట ఊది చూడకండి, అతిగా సాగి మళ్లీ దగ్గరికి రాదు. టైరులో పెట్టాకే గాలి కొట్టాలి. ప్యాచ్‌లు కూడా దానికి వేరే ఉంటాయి. లేటెక్స్ ట్యూబ్ ఇంకా హాయిగా ఉంటుంది గానీ తెల్లారేసరికి గాలి దిగిపోతుంది.

రోడ్డు పక్కన చకచకా మార్చుకోవడం మీద నాకింత పట్టు ఎందుకంటే, ఈ వాదన గాలి టైర్ల రేసులంత పాతది. 1891లో మొదటి పారిస్-బ్రెస్ట్-పారిస్ గెలిచిన చార్ల్స్ టెరోన్ తొక్కింది మిషెలిన్ వాళ్ల ఊడదీసి బాగుచేసుకునే టైర్ల మీద. ఇక మార్చే పద్ధతి. ట్యూబ్‌లెస్ రెడీ (ట్యూబ్‌లెస్ టైరు కూడా పట్టే) రిమ్ముల మీద టైరు బిగుతుగా ఉంటుంది. వాల్వుకి ఎదురు వైపు మొదలుపెట్టి, బీడ్‌ను రిమ్ మధ్య గాడిలోకి నొక్కుతూ వచ్చి, వాల్వు దగ్గర ముగించండి, లీవర్ అక్కర్లేకుండానే ఎక్కుతుంది. ట్యూబ్ మార్చేముందు లోపల దూదితో తుడవండి. పేలిన లారీ టైర్ల స్టీలు తీగ ముక్కలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి, కంటికి ఆనవు, దూది మాత్రం తగులుకుంటుంది.

ప్రెజర్ 110 పీఎస్ఐ పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి. గరుకు రోడ్డు మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఆ కుదుపంతా మీ ఒంట్లోకే పోతుంది. మీ బరువుకి 28 ఎంఎంలో ముందు 68, వెనక 72తో మొదలుపెట్టి, రెండేసి పీఎస్ఐ దించుకుంటూ చూడండి. గుంతలో రిమ్ తగిలినట్టు అనిపిస్తే మళ్లీ పెంచండి.

కొనేముందు రిమ్ మీద ఏం రాసుందో చదవండి. హుక్‌లెస్ (టైరు అంచును పట్టే కొక్కెం లాంటి మడత లేనిది) అని ఉంటే నేను చెప్పింది అలాగే చేయకండి: అలాంటి రిమ్‌కి గరిష్ఠం 5 బార్, అంటే 72 పీఎస్ఐ చిల్లర, పైగా దానికి సరిపడే ట్యూబ్‌లెస్ రకం టైరే వేయాలి, ట్యూబ్ పెట్టినా సరే. 2024 యూఏఈ టూర్‌లో బెల్జియం రైడర్ థామస్ డి గెంట్ పడినప్పుడు హుక్‌లెస్ రిమ్ మీది టైరు ఊడిపోయి పెద్ద గొడవైంది. ఫ్రేములో 28 పడుతుందో లేదో కూడా చూసుకోండి, టైరుకీ ఫ్రేముకీ మధ్య నాలుగు ఎంఎం అయినా ఖాళీ ఉండాలి. రిమ్ లోపలి వెడల్పు, మోడల్ ఇక్కడ రాస్తే ఏ టైరు సరిపోతుందో చెప్తాను.