ఇంగ్లండ్ పబ్బుల్లో ‘రియల్ ఏల్’ అంటే ఏమిటి? అది చల్లగా ఎందుకుండదు?

పీపాలోకి చేరాక కూడా పులుస్తూ ఉండే బీరే రియల్ ఏల్. మామూలు కెగ్ బీరును సాధారణంగా వడకట్టి, గ్యాస్ ఒత్తిడితో గ్లాసులోకి తోస్తారు. రియల్ ఏల్‌లో ఈస్ట్ బతికే ఉంటుంది, బుడగలు దాని వల్లే వస్తాయి. సెల్లార్‌లో 11-13 డిగ్రీల దగ్గర ఉంచి, ఎక్కువగా చేతిపంపుతో లాగి పోస్తారు. అంటే వెచ్చగా ఏం ఉండదు, ఫ్రిజ్ చలి లేదంతే. మరీ చల్లబరిస్తే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) రుచి నాలుకకు అందదు.

అసలు కష్టం పబ్బువాళ్లది. పీపాను కదపకుండా మడ్డి దిగేదాకా ఆగాలి. తెరిచాక గాలి తగులుతుంది కాబట్టి మూడు రోజుల్లో అమ్ముడైపోవాలి, లేకపోతే పుల్లబడుతుంది. అందుకే జనం బాగా వచ్చే పబ్బునే ఎంచుకోమంటాను. నారిచ్‌లోని ఫ్యాట్ క్యాట్ అలాంటిదే. ఈ బీరును కాపాడటానికి 1971లో పుట్టిన కామ్రా సంఘం, 1998లోనూ 2004లోనూ దాన్ని దేశంలో ఉత్తమ పబ్బుగా ఎంచింది.

సీసా కొంటే లేబుల్ మీద ‘బాటిల్ కండిషన్డ్’ అని ఉందేమో చూడండి. దాని అడుగున ఈస్ట్ పేరుకుని ఉంటుంది. నిలబెట్టి ఉంచి, మెల్లగా వంచి, చివరి గుక్క సీసాలోనే వదిలేయండి.