నేర వార్తలో ట్రాన్స్ మహిళను ‘వాడు’ అన్న ఛానల్‌పై ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలి?

ప్రశ్న: ఒక తెలుగు వార్తా ఛానల్ నాలుగు రోజుల క్రితం నగల దొంగతనం కేసు గురించి ఒక కథనం ప్రసారం చేసింది. అరెస్టయిన వ్యక్తి ట్రాన్స్ మహిళ. కథనం పొడుగునా ఆమెను ‘ఆడవేషం కట్టిన మగాడు’, ‘వాడు’ అనే అన్నారు. ఆమె ఎప్పుడో వదిలేసిన పాత పేరును పదేపదే చదివారు. కింద స్క్రోలింగ్‌లో ఆ వర్గాన్ని కించపరిచే బూతుమాట వేశారు. ‘వీళ్లతో జాగ్రత్త’ అనే శీర్షికతో అదే క్లిప్ ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉంది. ఛానల్‌కు ఫోన్ చేస్తే, పోలీసులిచ్చిన ప్రెస్ నోట్‌లో ఉన్నదే చదివామని చెప్పి పెట్టేశారు. ఆమె నాకు బంధువు కాదు, ముఖపరిచయం మాత్రమే. నేను ఫిర్యాదు చేయవచ్చా? కోర్టుకు వెళ్లడం మేలా?

జవాబు: మీరు ఫిర్యాదు చేయవచ్చు, దానికి బంధుత్వం అవసరం లేదు. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియమాలకు కేంద్ర ప్రభుత్వం 2021 జూన్‌లో చేసిన సవరణ ప్రకారం, ఒక కార్యక్రమం ప్రోగ్రాం కోడ్‌కు, అంటే టీవీ ప్రసారాలు పాటించాల్సిన నియమావళికి, విరుద్ధంగా ఉందని భావించే వ్యక్తి ఎవరైనా సంబంధిత ఛానల్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. లిఖితపూర్వకంగా అన్న మాట ముఖ్యం. మీరు ఫోన్‌లో మాట్లాడింది చట్టం దృష్టిలో ఫిర్యాదు కిందికి రాదు, దానికి ఛానల్ జవాబుదారీ కూడా కాదు. మీ చేతిలో ఉన్న సమయం తక్కువ కాబట్టి ముందుగా గడువుల సంగతి చెబుతాను.

మీరు చెప్పిన ఛానల్ న్యూస్ బ్రాడ్‌కాస్టర్స్ అండ్ డిజిటల్ అసోసియేషన్‌లో సభ్యురాలైతే, ఆ సంఘం ఏర్పాటు చేసుకున్న స్టాండర్డ్స్ అథారిటీ నిబంధనల ప్రకారం మొదటి ప్రసారం జరిగిన ఏడు రోజుల లోపే ఛానల్‌కు ఫిర్యాదు అందాలి. నాలుగు రోజులు గడిచాయి కనుక రేపే పంపండి. ఛానల్ జవాబు మీకు తృప్తికరంగా లేకపోయినా, అసలు జవాబే రాకపోయినా, ఆ తర్వాత పద్నాలుగు రోజుల లోపు ఆ అథారిటీకి రాయాలి. 2021 సవరణ నియమాల లెక్క వేరు. వాటి ప్రకారం ఫిర్యాదు అందిన ఇరవై నాలుగు గంటల్లో ఛానల్ రసీదు ఇవ్వాలి, పదిహేను రోజుల్లో తన నిర్ణయం చెప్పాలి. ఆ తర్వాత పదిహేను రోజుల లోపు స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు, ఆ సంస్థ అరవై రోజుల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ స్థాయిలోని పర్యవేక్షణ యంత్రాంగానికి వెళ్లవచ్చు. రెండు లెక్కల్లో దేని గడువు ముందు ముగుస్తుందో దాన్నే పాటిస్తే ఏ దారీ మూసుకుపోదు. ఛానల్ ఏ సంఘంలో ఉందో, దాని గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) ఎవరో సాధారణంగా ఛానల్ వెబ్‌సైట్ అడుగు భాగంలో ఉంటుంది. అన్ని ఛానళ్లూ ఒకే సంఘంలో లేవు కాబట్టి అది చూసుకోకుండా అప్పీలు రాయవద్దు. పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు మాత్రం పంపవద్దు. 1978 చట్టం కింద దాని పరిధి పత్రికలు, వార్తా సంస్థల వరకే, టీవీ దాని కిందికి రాదు. చాలామంది అక్కడికే రాసి, విలువైన వారం రోజులు పోగొట్టుకుంటారు.

ఇక ఫిర్యాదులో ఏం రాయాలన్నది అసలు విషయం. మనసు నొప్పించారని, మానవత్వం లేదని రెండు పేజీలు రాస్తే ఛానల్ లీగల్ విభాగం మర్యాదగా విచారం తెలిపి ఫైలు మూసేస్తుంది. వారు తప్పించుకోలేని విధంగా రాయాలంటే ప్రసారమైన ఒక్కొక్క మాటను తీసుకుని, అది ప్రోగ్రాం కోడ్‌లోని ఏ అంశాన్ని ఉల్లంఘించిందో దాని పక్కనే చూపాలి. ప్రోగ్రాం కోడ్ అంటే 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియమాలలోని 6వ నియమం. సభ్యతకు, మర్యాదకు భంగం కలిగించే కార్యక్రమాలను, పరువు తీసే అంశాలను, ఉద్దేశపూర్వకమైన అసత్యాలను, అర్ధసత్యాలను, వ్యక్తులనో సమాజంలోని కొన్ని వర్గాలనో దూషించి అప్రతిష్ఠపాలు చేసే వాటిని ప్రసారం చేయరాదని అది చెబుతుంది. స్క్రోలింగ్‌లో వేసిన బూతుమాట, ‘వీళ్లతో జాగ్రత్త’ అన్న శీర్షిక ఈ చివరి అంశం కిందికి నేరుగా వస్తాయి. ఒక్క మనిషి మీద వచ్చిన దొంగతనం ఆరోపణను ఒక వర్గం మొత్తానికి అంటగట్టడం ఏ వార్తా నియమం ప్రకారం చూసినా నిలబడదు. నా అంచనాలో మీ ఫిర్యాదుకు బలమైన భాగం ఇదే, కాబట్టి దీనితోనే మొదలుపెట్టండి.

సర్వనామం, పాత పేరు విషయాలు దీనికంటే కొంచెం చిక్కైనవి. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల సంస్థ (నాల్సా) వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, మనిషి తన లింగ గుర్తింపును తానే నిర్ణయించుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ హామీ ఇచ్చిన గౌరవప్రదమైన జీవితంలో భాగమని స్పష్టంగా చెప్పింది. అయితే ఆ తీర్పులోని ఆదేశాలు ప్రభుత్వాలకు ఇచ్చినవి. ఒక ప్రైవేటు ఛానల్ యాంకర్ ఏ సర్వనామం వాడాలో అందులో రాసి లేదు. కాబట్టి ఆ తీర్పును ఉల్లంఘించారని రాయకుండా, ఆ తీర్పు వెలుగులో చూస్తే ‘ఆడవేషం కట్టిన మగాడు’ అనడం ఆమె గుర్తింపునే ఒక మోసంగా చిత్రించడం అవుతుందని, దొంగతనం ఆరోపణతో సంబంధం లేని మరో ఆరోపణను ఆమె మీద మోపడం అవుతుందని రాయండి. దీనికి తోడు, ట్రాన్స్‌జెండర్ వర్గాల వార్తలను సంచలనంగా మార్చరాదని, కించపరిచే పదాలు వాడరాదని పైన చెప్పిన స్టాండర్డ్స్ అథారిటీ తన సభ్య ఛానళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. తాము ఒప్పుకున్న నియమమే కనుక దాన్ని ఎత్తి చూపితే, మాకు వర్తించదని ఛానల్ చెప్పడం కష్టం. మద్రాసు హైకోర్టు చొరవతో తమిళనాడు ప్రభుత్వం 2022లో గౌరవప్రదమైన పదాల జాబితానే గెజిట్‌లో ప్రచురించింది. తెలుగు ఛానళ్లను అది కట్టిపడేయదు కానీ, ప్రత్యామ్నాయ పదాలు ఎక్కడున్నాయని అడిగేవారికి సమాధానంగా పనికొస్తుంది.

తెలంగాణ హైకోర్టు తీర్పు ఒకటి ఇక్కడ ప్రస్తావించదగినది. నిజాం కాలంలో, ఫస్లీ లెక్కలో 1329లో, అంటే 1919లో, వచ్చిన చట్టం ఒకటి ఉండేది. పిల్లలను ఎత్తుకుపోతారన్న అనుమానంతో ‘నపుంసకుల’ పేర్లతో రిజిస్టరు పెట్టమని, ఆడవారి దుస్తుల్లో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చని అది చెప్పేది. 2023 జులైలో హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఒక వర్గాన్ని పుట్టుకతోనే నేరస్థులుగా చూసే చట్టమే చెల్లదని కోర్టు చెప్పాక, అదే భావాన్ని యూట్యూబ్ శీర్షికగా పెట్టుకోవడం ఎలా సమర్థనీయమని మీరు అడగవచ్చు. ఫిర్యాదులో దీనికి ఒక్క వాక్యం చాలు.

‘పోలీసుల ప్రెస్ నోట్ చదివాం’ అన్న సమర్థనను తేలిగ్గా తీసుకోవద్దు, ఎందుకంటే అందులో సగం బలం ఉంది. ఎఫ్‌ఐఆర్‌లో పాత పేరు, దాని పక్కన అలియాస్ అని ఇప్పుడు వాడుతున్న పేరు ఉంటే, ఆ పేరును ఒకసారి చెప్పినందుకు ఛానల్‌ను తప్పుపట్టడం కష్టం. కానీ ప్రెస్ నోట్ సంపాదించి చూడండి. అందులో ‘ట్రాన్స్‌జెండర్’ అని ఉండి, ఛానల్ దాన్ని ‘ఆడవేషం కట్టిన మగాడు’గా మార్చి ఉంటే, వారి సమర్థనే వారి మీద సాక్ష్యం అవుతుంది. స్క్రోలింగ్‌లోని మాట, యూట్యూబ్ శీర్షిక ఏ పోలీసూ రాసినవి కావు. ఒకవేళ ప్రెస్ నోట్‌లోనే ఆ మాటలు ఉంటే, జిల్లా ఎస్పీకో కమిషనర్‌కో వేరుగా ఫిర్యాదు ఇవ్వండి. పోలీసులు మీడియాకు వివరాలు ఎలా ఇవ్వాలో సమగ్రమైన మాన్యువల్ తయారు చేయాలని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర హోం శాఖను ఆదేశించిన సంగతి అందులో పేర్కొనవచ్చు.

రాసే తీరు ఇలా ఉండవచ్చు: “ఫలానా తేదీన రాత్రి 9 గంటల 12 నిమిషాలకు మొదలైన కథనంలో, మూడో నిమిషం దగ్గర మీ యాంకర్ ‘ఆడవేషం కట్టిన మగాడు’ అన్నారు. అదే సమయంలో తెర అడుగున ఈ కింది మాట స్క్రోల్ అయింది. ఈ రెండూ 6వ నియమం ప్రకారం ఒక వ్యక్తిని, ఒక వర్గాన్ని కించపరిచేవి. క్లిప్ తొలగించాలని, అదే బులెటిన్ సమయంలో సవరణ, క్షమాపణ ప్రసారం చేయాలని కోరుతున్నాను.” స్క్రోలింగ్‌లోని మాటను నేనిక్కడ అచ్చువేయడం లేదు కానీ, మీరు ఫిర్యాదులో దాన్ని ఉన్నదున్నట్టు రాయాలి. చుక్కలు పెడితే, ఏ మాట గురించి చెబుతున్నారో తెలియలేదని తప్పించుకునే వీలు వారికి దొరుకుతుంది. యూట్యూబ్ క్లిప్‌ను లింకుతో సహా ఇప్పుడే దింపుకుని, శీర్షిక కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఫిర్యాదు చేరిన మరుక్షణం అది మాయమయ్యే అవకాశం ఉంది. ఛానల్ తన ప్రసారాల రికార్డును తొంభై రోజులు భద్రపరచాలన్నది అనుమతి షరతుల్లో ఒకటి. ఆ రికార్డును చెరిపేయకుండా ఉంచమని ఫిర్యాదులోనే అడగండి.

కోర్టు సంగతికి వస్తే, పరువు నష్టం కేసు మీరు వేయలేరు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరమైనా, నాగరిక్ సురక్షా సంహిత 222వ సెక్షన్ ప్రకారం సాధారణంగా బాధితురాలే మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు చేయాలి. సివిల్ దావాకు ఏడాది గడువు ఉంది, అదీ ఆమె హక్కే. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టంలోని 18వ సెక్షన్, మాటలతోనో మానసికంగానో వేధించడాన్ని కూడా నేరంగా పేర్కొని ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు శిక్ష పెట్టింది. వినడానికి ఇది ఆకర్షణీయంగా ఉంటుంది, సోషల్ మీడియాలో అందరూ ఈ సెక్షనే చెబుతారు. కానీ శిక్ష మూడేళ్ల లోపు కావడంతో మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. పైగా ఒక వార్తా కథనాన్ని వేధింపుగా రుజువు చేయడం సులువు కాదు. ఆమె దొంగతనం కేసులో బెయిలు కోసం తిరుగుతున్న సమయంలో ఈ రెండో పోరాటాన్ని ఆమె నెత్తిన పెట్టమని నేను సలహా ఇవ్వను.

ఫిర్యాదు దారిలో దొరికే ఫలితం గురించి కూడా ఎక్కువగా ఊహించుకోవద్దు. మందలింపు, హెచ్చరిక, తెర మీద క్షమాపణ, ఆన్‌లైన్ క్లిప్ తొలగింపు, కొన్నిసార్లు జరిమానా, అంతవరకే. లక్ష రూపాయల జరిమానా ఛానళ్లను అదుపు చేయడానికి సరిపోదని 2023లో సుప్రీంకోర్టే వ్యాఖ్యానించింది. అయినా ఆమెకు నిజంగా కావలసింది క్లిప్ తొలగింపే. బులెటిన్ ఆ రాత్రితో పోతుంది, యూట్యూబ్ శీర్షిక మాత్రం రేపు ఆమెకు అద్దె ఇల్లు ఇవ్వబోయే యజమాని వెతికినా కనిపిస్తుంది. అందుకే ఛానల్ డిజిటల్ విభాగం గ్రీవెన్స్ ఆఫీసర్‌కు, యూట్యూబ్‌కు కూడా అదే రోజు రాయండి. డిజిటల్ వార్తల కోసం 2021 ఐటీ నియమాల్లో ఉన్న నైతిక నియమావళి అమలుపై బొంబాయి హైకోర్టు ఆ ఏడాది ఆగస్టులోనే స్టే ఇచ్చింది కనుక, ఆ నియమావళి ఒక్కదాని మీదే ఆధారపడకుండా యూట్యూబ్ సొంత వేధింపుల నిబంధనలను కూడా ఉదహరించండి. అది స్థానిక కేబుల్ ఛానల్ అయిన పక్షంలో జిల్లా కలెక్టర్‌కు ఇచ్చే అర్జీ త్వరగా పని చేస్తుంది. కేబుల్ టీవీ చట్టం కింద అధీకృత అధికారుల్లో కలెక్టర్ ఒకరు.

దీనికి ఎదురు ఫిర్యాదు కూడా నా దగ్గరకు వస్తుంటుంది: నిందితురాలు ట్రాన్స్ మహిళ అని చెప్పకుండా ఉత్త ‘మహిళ’ అన్నారని, అది ప్రేక్షకులను తప్పుదారి పట్టించడమని. అలా భావించేవారికీ ఇదే దారి తెరిచి ఉంది, వారి ఫిర్యాదును కూడా ఛానల్ పదిహేను రోజుల్లో తేల్చాల్సిందే. నా అభిప్రాయంలో ఆ వివరం నేరాన్ని అర్థం చేసుకోవడానికి అవసరమైనప్పుడు, ఉదాహరణకు పరారీలో ఉన్న వ్యక్తిని గుర్తుపట్టడానికో, ఏ జైలులో ఉంచాలన్న వివాదాన్ని వివరించడానికో, చెప్పడంలో తప్పు లేదు. నిందితుల కులం, మతం విషయంలో పాటించే కొలతే దీనికీ వర్తిస్తుంది. నగల దొంగతనంలో ఆ వివరంతో పని లేదు.

ఫిర్యాదు పంపేముందు వీలైతే ఆమెతో గానీ, ఆమె తరఫు న్యాయవాదితో గానీ ఒక మాట చెప్పండి. ఆమె అనుమతి చట్టపరంగా అవసరం లేకపోయినా, కేసు విచారణలో ఉండగా తన పేరు మళ్లీ చర్చకు రావడం ఆమెకు ఇష్టం లేకపోవచ్చు. అథారిటీ తన ఉత్తర్వులను వెబ్‌సైట్‌లో పెడుతుంది కాబట్టి ఫిర్యాదులో ఆమె పాత పేరు ఎక్కడా రాయకండి, ఇప్పటి పేరును కూడా ఉత్తర్వులో గోప్యంగా ఉంచమని మొదటి పేరాలోనే కోరండి.