జీతమా, కమిషనా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: తొమ్మిదేళ్లు ఓ ఫ్యాక్టరీలో అకౌంట్లు చూశాను. పీఎఫ్ ఉండేది. ఫ్యాక్టరీ మూతపడింది. జీఎస్టీ పని పూర్తిగా నేర్చుకుని సొంతంగా ఆఫీసు పెట్టుకోవాలని ఉంది. అందుకు ఏడాదిన్నర పట్టేలా ఉంది. ఈలోగా ఓ హోల్‌సేల్ మందుల దుకాణంలో 18 వేల జీతానికి రమ్మంటున్నారు. ఇంకొకరు జీవిత బీమా ఏజెన్సీ తీసుకోమని, నాకున్న పరిచయాలకి నెలకి 50 వేలు ఖాయమని అంటున్నారు. ఏది మేలు? - పాఠకుడు, తెనాలి

జవాబు: దుకాణంలో పీఎఫ్ ఉంటే ఆ ఉద్యోగంలోనే చేరండి. పీఎఫ్ పింఛనుకు పదేళ్ల సర్వీసు ఉండాలి. మీకు తొమ్మిదేళ్లు నిండాయి. పాత యూఏఎన్ నంబరే (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఇచ్చి చేరి, పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేయించుకుంటే ఏడాదిలో ఆ హక్కు వస్తుంది. చేతిలో డబ్బు ఆడక ఫారం 10-సి పెట్టి పింఛను సొమ్ము తీసేసుకుంటే మాత్రం ఆ తొమ్మిదేళ్లూ లెక్కలోంచి పోతాయి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. చేరేముందు దుకాణంలో ఎంతమంది పనిచేస్తున్నారో అడగండి. ఇరవైమందికి తక్కువైతే పీఎఫ్, పదిమందికి తక్కువైతే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) సాధారణంగా తప్పనిసరి కాదు. అవి లేకపోతే, అవి ఉన్న చోట జీతం వెయ్యి తక్కువైనా అటే వెళ్లండి.

ఇక లెక్క. 18 వేలలో పీఎఫ్ లెక్కకు వచ్చే మూలవేతనం 15 వేలు అనుకుందాం. మీ వాటా పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 135, వృత్తి పన్ను 150 పోగా చేతికొచ్చేది 15,915. మీ పీఎఫ్ మీదే కదా. యజమాని వాటాగా మరో 1,800, ఈఎస్ఐకి 585 వస్తాయి. అన్నీ కలిపితే నెలకు 20 వేల పైచిలుకు.

ఏజెన్సీలో అంతే మిగలాలంటే పెట్రోలు, ఫోను, టీ ఖర్చులు ఓ నాలుగు వేలు వేసుకుని 24 వేల కమిషన్ రావాలి. తొలి ఏడాది ప్రీమియం మీద 25 శాతం అనుకుంటే నెలకు 96 వేల కొత్త ప్రీమియం తేవాలి. ఏడాదికి 20 వేలు కట్టే పాలసీలైతే ఐదు. ప్రతి నెలా ఐదు! పైగా పాలసీదారు నెలవారీగా కడితే కమిషనూ నెలవారీగానే వస్తుంది. అదే 20 వేల పాలసీ మీద మీకు ఒక్కసారిగా 5 వేలు కాదు, నెలకు 417 రూపాయలే.

మొదటి రెండు మూడు నెలలు బావమరిది, పాత సహోద్యోగులు, ఇంటి ఓనరు మొహమాటానికి కడతారు. ఆ నెలల ఆదాయం చూసి ఇదే నడుస్తుందనుకోకండి. మొహమాటానికి కట్టినవాళ్లే ముందు మానేస్తారు, పాలసీ ల్యాప్స్ అవుతుంది, తర్వాతి ఏళ్ల ప్రీమియం మీద వచ్చే రెన్యువల్ కమిషనూ పోతుంది. ఏడాదిలో 60 పాలసీలు చేయించి, ఒక్కటీ ఆగకపోయినా, రెండో ఏడు 7.5 శాతం చొప్పున వచ్చేది 90 వేలు, అంటే నెలకు 7,500. ఈ పనికి ఫలితం నాలుగైదేళ్లు అంటిపెట్టుకున్నవాళ్లకే కనిపిస్తుంది. ఏడాదిన్నరలో వదిలేద్దామని దిగేవారికి కాదు. పైగా సాయంత్రాలు, ఆదివారాలు జనం ఇంట్లో ఉండే వేళలు. మీరు చదువుకోవాల్సిన వేళలూ అవే.

ఒక హెచ్చరిక. 'మొదటి ప్రీమియంలో కొంత నువ్వు పెట్టుకో' అని అడిగేవాళ్లు తప్పకుండా తగులుతారు. కమిషన్‌లోంచి అలా ఇవ్వడం బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం నేరం. జరిమానా 10 లక్షల దాకా ఉంటుంది.

ప్రశ్న: కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం పోయింది. హైదరాబాద్ శివార్లలో ప్రీ-లాంచ్ ప్లాట్లు అమ్మితే గజానికి ఇంత అని ఇస్తామంటున్నారు. చేరమంటారా? - పాఠకురాలు, భువనగిరి

జవాబు: ఇప్పుడు చెప్పిన పద్ధతిలో అయితే వద్దు. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌ను రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు చేయించకుండా ప్రకటించడం, అమ్మడం, అడ్వాన్సు తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. ప్రీ-లాంచ్ అంటున్నారంటే చాలావరకు ఆ నమోదు జరగలేదనే. అమ్మిపెట్టేవారికీ విడిగా ఏజెంటు రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా అమ్మితే రోజుకు 10 వేల చొప్పున జరిమానా, అమ్మిన ఆస్తి విలువలో ఐదు శాతం దాకా. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. వెంచర్ ఆగిపోతే కంపెనీ ఆఫీసుకు తాళం పడుతుంది, డబ్బు కట్టినవాళ్లు మీ ఇంటికొస్తారు. తెలంగాణ రెరా వెబ్‌సైట్లో వెంచర్ నంబరు కొట్టి చూడండి. నమోదై ఉంటే, కమిషన్ ఎప్పుడిస్తారో కాగితం మీద రాయించుకోండి: అడ్వాన్సు రోజునా, ప్లాటు రిజిస్ట్రేషన్ అయ్యాకా? రిజిస్ట్రేషన్ అయ్యాకే అంటే మీ మొదటి డబ్బుకు నెలలు పడుతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో లేకుండా దిగకండి. 'కింద ముగ్గుర్ని చేర్పిస్తే వాళ్ల అమ్మకాల మీదా వాటా' అంటూ చేరడానికే డబ్బు అడిగితే ఇంక ఆలోచించనే వద్దు.

ప్రశ్న: నా బీమా కమిషన్‌లో 2 శాతం పన్ను (టీడీఎస్) కోసుకుని ఇచ్చారు. ఇంక ఆదాయపు పన్ను రిటర్ను వేయనవసరం లేదు కదా? - పాఠకుడు, కరీంనగర్

జవాబు: వేయాలి. ఏడాది కమిషన్ 20 వేలు దాటితే ఆ 2 శాతం కోస్తారు. మీ ఆదాయం పన్ను పడేంత లేకపోతే ఆ సొమ్ము తిరిగి వచ్చేది రిటర్ను వేస్తేనే. జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 మీకు కుదరదు. చిన్న వ్యాపారులకున్న అంచనా ఆదాయం వెసులుబాటు (అమ్మకాల్లో ఇంత శాతం ఆదాయమని చూపడం) కమిషన్ ఆదాయానికి వర్తించదు. కాబట్టి అసలు ఖర్చులే చూపాలి. పెట్రోలు, ఫోను బిల్లులు నెలవారీగా ఓ కవరులో పెట్టుకోండి. ముందుముందు ఇంటి అప్పుకు వెళ్తే, జీతం స్లిప్పులు లేని మీనుంచి బ్యాంకులు మామూలుగా అడిగేది రెండు మూడేళ్ల రిటర్నులే.